రాళ్ళు మోసిన బరువు

1947 మే పద్నాలుగు, బుధవారం. ఆకాశంలో గోరంత మబ్బు లేదు. పొద్దు బారెడెక్కక ముందే వడగాలి మొదలై, సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు మీది దుమ్మును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తూ ఉంది. నిజాం సర్కారు కాగితాల్లో అది 1356 ఫసలీ, తీర్ నెల. ఎండకు మాత్రం ఏ లెక్కయినా ఒకటే.

ఆ ఎండలో మట్టయ్య ఎనభై ఆరో మైలురాయి ముందు గొంతుక్కూర్చుని సున్నం వేస్తున్నాడు.

ఆయన పని అదే. హైదరాబాదు నుంచి లెక్కబెడితే ఎనభై నాలుగో రాయి నుంచి నూటపదకొండో రాయి దాకా, అంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇరవై ఎనిమిది రాళ్ళు ఆయనవి. ఉగాది వెళ్ళాక ఒకసారి, దసరాకు ముందు ఒకసారి సున్నం వేయాలి. సున్నంలో తుమ్మజిగురు కలపాలి, లేకపోతే మొదటి వానకే కారిపోతుంది. ఆరాక రోడ్డు వైపు మొహం మీద దీపపు మసితో అంకెలు వేయాలి. మట్టయ్యకు చదువు రాదు. అంకెలు ఆయనకు బొమ్మలు. ఇంగ్లీషు రెండు మెడ వంచిన కొంగ, ఉర్దూ ఐదు తలకిందులైన రావి ఆకు. ముప్పై ఏళ్ళుగా కొంగలూ ఆకులూ వేస్తూ వచ్చాడు, ఒక్కటి తప్పు పోలేదు. మైలురాయి అబద్ధం చెబితే నడిచేవాడి కాళ్ళకు తెలిసిపోతుంది మరి.

మట్టయ్యతో మాట్లాడేవాళ్ళు తక్కువ. రాయి దగ్గర కూర్చున్న మనిషిని దారిన పోయేవాళ్ళు రాయితో కలిపే లెక్కేస్తారు. సూర్యాపేట చివర మూసీ వైపు ఒంటిగది ఇల్లు. భార్య చంద్రమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ఏడు రోడ్ల పెద్దసాబు తనిఖీకి వస్తాడంటే మట్టయ్య పదకొండు రోజులు కోదాడ చివరే ఉండిపోయాడు. ఇక్కడ చంద్రమ్మ జ్వరంతోనే ఏటి ఇసుకలో తవ్విన చెలిమకు పోయి నీళ్ళు మోసింది. పదకొండో రోజు నెత్తి మీద కుండతో గడపలో పడి, మళ్ళీ లేవలేదు. అప్పటికి కూతురు సారమ్మకు పద్నాలుగేళ్ళు. తండ్రి సున్నం చేతులతో వచ్చి నిలబడితే ఒకటే మాట అంది.

"నువ్వు రాళ్ళకు సున్నం ఏసుకుంట కూసున్నవ్. అమ్మ నీళ్ళు మోసుకుంట సచ్చింది."

ఆ మాట అని, పెద్దమ్మ ఎస్తేరు వెంట మిర్యాలగూడ వెళ్ళిపోయింది. మూడేళ్ళ కింద దాని పెళ్ళయితే మట్టయ్య వెళ్ళి, చర్చిలో చివరి చాప మీద కూర్చుని, విస్తట్లో పెట్టింది తిని తిరిగొచ్చాడు. తండ్రీ బిడ్డా మాట్లాడుకోలేదు.

ఆ బుధవారం అంకెలు వేయగా ముంతలో కొంచెం మసి మిగిలింది. మిగిలిన మసి పారబోయడానికి మనసొప్పక, సున్నం ఆరిన పక్క మొహం వైపు జరిగాడు. అప్పుడే జమ్లీ పోతూ ఉంది. గుట్ట కింది తండా నుంచి రోజూ సూర్యాపేటకు కట్టెలమోపు మోసే మనిషి. మట్టయ్య ఆమెను ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు; అంటే, రోడ్డు మీద ఏదో కదులుతోందని చూస్తున్నాడు. ఆవేళ ఈతపుల్ల కొస నలగ్గొట్టి, మసిలో ముంచి, ఒక నిలువు గీతకు కాళ్ళూ చేతులూ నాలుగు గీతలు పెట్టి, పైన పెద్ద మోపు వేశాడు. మోపు బాగా వచ్చింది. మనిషి రాలేదు.

మర్నాడు జమ్లీ రాయి దగ్గర ఆగింది.

"నిన్న ఈ రాయి దాటినంక మోపు అలకగైంది. నువ్వు గీసినవా?"

"గీసిన."

"పూరా తక్కువ కాలే. రెండు కట్టెలంత తగ్గింది." మోపు దించకుండానే వంగి చూసింది. "ఇదేందన్నా, నావి కొంగ కాళ్ళా? గిసుంటి కాళ్ళకు గింతే తగ్గుతది. మంచిగ గియ్యి."

"మంచిగంటే ఎట్ల?"

"నన్నడుగుతవేంది. నేను నడుస్త, నువ్వు సూడు."

అలా మొదలైంది. ఏ చెలిమలో నీళ్ళున్నాయో నలుగురికీ తెలిసినట్టే, మట్టయ్య రాయి చూసి పోతే బరువు తగ్గుతుందన్న సంగతీ తెలిసింది. బొమ్మ ఎవరిదో వాళ్ళు కళ్ళారా చూడాలి. చూసినప్పటి నుంచి బరువు దించేదాకా రాయి తన వంతు మోస్తుంది. ఎంత మోస్తుందన్నది బొమ్మను బట్టి.

మట్టయ్య చూడటం నేర్చుకోసాగాడు. యాభై రెండేళ్ళ వయసులో ఏదైనా నేర్చుకోవడం ఎండిన తోలును వంచడం లాంటిది. నానబెట్టాలి, ఓపిక పట్టాలి. మోసే మనిషి బరువు నెత్తి మీద ఉండదని మొదట తెలిసింది. మెడ దాన్ని కిందికి పంపిస్తుంది, నడుము ఒక పక్కకు తోస్తుంది, చివరికి మడమ దగ్గర తేలుతుంది. మోపు ఉన్నప్పుడు జమ్లీ ఎడమ మడమ బయటికి వాలుతుంది, బొటనవేలు నేలను పట్టుకుంటుంది. ఆ బొటనవేలు సరిగా గీసిన రోజు మోపులో సగం బరువు పోయింది. ఆమె రాయి దాటాక వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి పోయింది. సున్నం వేసి చెరిపి మళ్ళీ గీసేవాడు. జాజు నూరి ఎరుపు చేసుకున్నాడు. ఇంటికి పోయాక గోడ మీద బొగ్గుతో మడమలు, మోకాళ్ళు, గంప పట్టిన చేతులు గీసుకునేవాడు. ఆ గదిలో మాట్లాడే దిక్కు లేదు గానీ, గోడ నిండా నడిచేవాళ్ళే.

ఒక తప్పు మాత్రం జరిగింది. కోదాడకు ఇవతలి ఊరి నుంచి నాంచారమ్మ అనే ఆమె పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని కోదాడకు పోయేది. ఆ వైపు పెరుగు కత్తితో కోస్తే తెగేంత గట్టిది. కుండ బరువూ అంతే ఉండేది. మట్టయ్య ఉత్సాహం కొద్దీ నూటపదో రాయికి రెండు పక్కలా ఆమె బొమ్మే గీశాడు, నిండు కుండతో. మూడో రోజు ఆమె రాయి దగ్గరే కాపేసి పట్టుకుంది.

"ఏవయ్యా మట్టయ్యా, పెరుగమ్ముకుని బతికేదాన్ని, కుండ లేకుండా చేస్తావా? పొయ్యేటప్పుడు బానే ఉంది. ఒట్టి కుండతో తిరిగొచ్చేటప్పుడు నీ రాయి చూశానా, కుండ పైకి లేస్తంది. అంచు పట్టుకుని కాలివేళ్ళ మీద నడిచొచ్చా. మా ఆయన ఎదురొచ్చి, 'ఎక్కడికే పోతన్నావు, స్వర్గానికా' అంటాడు."

"తప్పైంది తల్లీ."

"తప్పయితే దిద్దు. పాలేరు మొహం పెట్టుకుని నిలబడితే ఎట్టా?"

తిరుగుదారి వైపు బొమ్మకు సున్నం కొట్టేశాడు. అప్పటి నుంచి బరువుతో పోయేవాళ్ళకు కనిపించే పక్కనే గీసేవాడు, రెండో పక్క తెల్లగా వదిలేసేవాడు.

రోడ్డు మిస్త్రీ సాబుకు ఇంకో ఇబ్బంది వచ్చింది. గుర్రం దిగి, కొలకర్ర పెట్టి రాయిని కొలిచాడు.

"అరే మట్టయ్యా, రాయి భూమి మీద రెండున్నర అడుగులుండాలె, అది కాయిదా. నీ ఎనభై ఆరు జానెడు దిగింది. బొమ్మలు గీసుకో, నాకేం పరేషాన్ లేదు. రాయి దిగొద్దు."

"బరువు యాడికో పోవాలె గద సాబ్."

"పోనీ. కాయిదా లోపల పోవాలె."

ఇక నెలకోసారి రాళ్ళ చుట్టూ మట్టి తవ్వి ఎత్తు చూపించే పని కూడా మట్టయ్య మీద పడింది.

ఏడాది గడిచింది. 1948 ఎండాకాలం నాటికి ఇరవై ఎనిమిది రాళ్ళకూ బొమ్మలున్నాయి. గడ్డిమోపు మోసే ముసలాయన, చంకలో పిల్ల నెత్తిన తట్ట ఉన్న కూలామె, సంతకు కోళ్ళగంప మోసే అవ్వ. జమ్లీ ఒకరోజు కట్టెలు దించి, రాయి నీడలో కూర్చుని తంబాకు నలుపుతూ అడిగింది.

"అన్నా, అందరిని ఎనుక నుంచే గీస్తవేంది?"

"పోయేటోళ్ళే కనవడ్తరు."

"వచ్చేటోళ్ళు గూడ ఉంటరు. నువ్వే తల వంచుకుంటవ్."

మట్టయ్య కుంచె కడుక్కున్నాడు. ఎదురుగా వచ్చే మనిషికి మొహం ఉంటుంది. మొహం గీయాలంటే కళ్ళలోకి చూడాలి. ఆ రాత్రి బొగ్గు తీసుకుని చంద్రమ్మను గీద్దామని కూర్చున్నాడు. వీపు వచ్చింది. చెలిమ వైపు పోయే వీపు, తడి కొంగు, ఎడమ భుజం కొంచెం కిందికి. తల మాత్రం అటే తిరిగి ఉంది. పదిహేడేళ్ళు కాపురం చేసిన మనిషి ముక్కు ఎలా ఉండేదో ఆయనకు తెలియలేదు.

ఆగస్టులో మిస్త్రీ సాబు హుకుం తెచ్చాడు. ఇండియా మిలిటరీ కోదాడ వైపు నుంచి రావచ్చు, రాళ్ళు చదువుకుంటూ రాకుండా అన్నీ పీకేయాలి.

"సాబ్, ఉన్నదొక్కటే రోడ్డు."

"నాకెరుక లేదా? హుకుం."

పీకబోతే ఎనిమిది మంది గడ్డపారలు వేసినా ఒక్క రాయి కదల్లేదు. ఏడాదిగా ఎంతమంది బరువు దిగిందో వాటిలోకి. చివరికి డాంబరు పూసేయమన్నారు. మట్టయ్యే పూశాడు. ఎనభై నాలుగు నుంచి మొదలుపెట్టి, బొమ్మ మీద బొమ్మ, తన చేత్తోనే నల్లగా చేసుకుంటూ కోదాడ వైపు నడిచాడు.

ఆయన చూడనిది ఒకటుంది. బొమ్మ బాగుపడేకొద్దీ జమ్లీ మోపు పెద్దదైంది. రెండు మోపులు విడివిడిగా రాయి దాకా తెచ్చి, అక్కడ ఒకటిగా కట్టి, బొమ్మను ఒకసారి చూసి ఎత్తుకునేది. మట్టయ్య మడమలు చూస్తూ చూస్తూ మోపును చూడడం మానేశాడు. డాంబరు పూసిన ఆవేళ కూడా ఆమె అలవాటుగా కట్టింది, రాయి వైపు సరిగా చూడకుండానే అలవాటుగా ఎత్తుకుంది. పది అడుగులు వేసిందో లేదో మోకాలు వంగింది. మట్టయ్య తొంభయ్యో రాయి దగ్గర కబురు విని పరుగెత్తుకొచ్చేసరికి, విరిగిన ఎడమ మణికట్టును కొంగులో చుట్టుకుని నల్లరాయికి ఆనుకుని కూర్చుని ఉంది.

"రాయికి కండ్లు పోయినయన్నా," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సెప్టెంబరులో మిలిటరీ కోదాడ వైపు నుంచే వచ్చింది. రాళ్ళు చదవకుండానే సూర్యాపేట చేరింది. కొత్త సర్కారు వచ్చాక కొత్త రాళ్ళు వచ్చాయి, వాటికి కొత్త మనిషి. పాత రాళ్ళు కదలవు గనుక, డాంబరుతోనే, కొత్తవాటి పక్కన అలాగే వదిలేశారు. మట్టయ్యకు ఒక సున్నపు డబ్బా, మూడు ఈతకుంచెలు మిగిలాయి. డబ్బా సర్కారుదే, ఎవరూ అడగలేదు.

కార్తీకంలో జమ్లీ ఇంటికొచ్చింది. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. మిర్యాలగూడ దగ్గరి తండాలో చెల్లెలింటికి పోయి వస్తోంది.

"నీ బిడ్డను సూసినన్నా. బియ్యం మిల్లుల గంప మోస్తున్నది. రెండు కాన్పులు నిలువలేదట. ఇప్పుడు మూడోది, ఐదో నెల. బరువు మొయ్యొద్దని దవాఖానల నర్సమ్మ చెప్పిందట. మొయ్యకుంటె ఎట్ల తింటది?"

"అల్లుడు?"

"వాడపల్లి రేవు కాడ పడవ నడుపుతడట గద. ఆదివారం వస్తడు, సోమవారం పోతడు." లేచి గుమ్మంలో నిలబడి అంది. "గీడ గోడలు నింపుకుంట కూసున్నవ్. ఆడ నీ బిడ్డ మోస్తున్నది."

సారమ్మ అన్న మాటే, ఇంకో నోటి నుంచి. మట్టయ్య మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాడు. గరిడేపల్లి మీదుగా రెండు రోజుల నడక. డబ్బా, కుంచెలు, పొట్లంలో మసి. దారి పొడుగునా ఎదురొచ్చేవాళ్ళ మొహాల్లోకి చూడటానికి ప్రయత్నించాడు. కొందరు చూపు తిప్పుకున్నారు. ఒకాయన, "ఏం పెద్దమనిషీ, బాకీ ఉన్ననా?" అని అడిగాడు.

మిల్లు ముందు పెద్ద కళ్ళం. వడ్లు ఎండబోసి, గంపలకెత్తి, ఆడవాళ్ళు వరసగా మర దాకా మోస్తున్నారు. వరసలో ఐదో మనిషి సారమ్మ. పొట్ట మీద కొంగు బిగించుకుంది. తండ్రిని చూసి ఆగింది, అంతే ఆగింది.

"ఎందుకొచ్చినవ్?"

"నిన్ను సూసిపోదామని."

"సూసినవ్ గద. పో."

పోలేదు. ఆ వీధిలో మైలురాయి లేదు. డబ్బా మూత తీసి, కంచమంత ఉన్న దానికి సున్నం పూసి, ఆరబెట్టి, తనకు బాగా వచ్చినట్టు గీశాడు. వెనుక నుంచి. మిల్లు గేటు దగ్గర గోడకు ఆనించాడు. సారమ్మ గంపతో దాటుతూ ఒక చూపు చూసింది. గంపలో పిడికెడు వడ్లంత తగ్గిందేమో.

"అది నేను గాదు," అంది ఆగకుండానే. "నా ఎనుక ఎట్లుంటదో నా ఎనుకొచ్చేటోళ్ళకు ఎరుక. నాకేమెరుక?"

మర్నాడు పక్క నుంచి గీశాడు. ఆమె చూడనే లేదు. మూడో రోజు మధ్యాహ్నం, నడినెత్తి ఎండలో, సారమ్మ వరస వదిలి, గంప నెత్తి మీదే పెట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సూడు," అంది. "మంచిగ సూడు. అమ్మనైతే సూడకపోతివి."

మట్టయ్య తలెత్తాడు. వంచుకోవాలనిపించింది, వంచుకోలేదు. నుదుటి మీద చెమటకు అంటుకున్న వడ్ల పొట్టు. కళ్ళ కింద నలుపు. కింది పెదవి ఎడమ కొస పంటి కింద పట్టుకుని ఉంది, బిగించి, వదలకుండా. ఆ పెదవి కొసను ఆయన ఎక్కడో చూశాడు. చెలిమ నుంచి వచ్చేటప్పుడు, పొయ్యి ఊదేటప్పుడు, జ్వరంలో పడుకున్నప్పుడు, పదిహేడేళ్ళు చూశాడు. అది ఆ మనిషి అలవాటనుకున్నాడు. బరువు మడమ దగ్గర తేలుతుందని అన్నాళ్ళూ గీసిన మనిషికి, అది మొదట ఎక్కడ పట్టుకుంటుందో అప్పుడు తెలిసింది.

గీశాడు. ఆయన గీస్తున్నంతసేపూ సారమ్మ కదల్లేదు. గుమాస్తా అరిచినా కదల్లేదు. అయిపోయాక మూత ఆమె వైపు తిప్పాడు. ఆమె చాలాసేపు చూసింది. పెదవి పంటి కింది నుంచి వదిలింది. వరసలోకి వెళ్ళిపోయింది, ఒట్టి చేతులతో పోతున్న మనిషిలా.

మూతను మళ్ళీ గోడకు ఆనించాడు. పొద్దు వాలేలోపు మట్టిగోడ పైనుంచి కింది దాకా పగిలింది. గుమాస్తా తిడితే బండి చక్రానికి ఆనించాడు. చక్రం ఇరుసు దాకా దిగబడింది. మర్నాటి నుంచి మట్టయ్యే గేటు ఎదురుగా నేల మీద కూర్చుని, మూతను మోకాళ్ళ మీద నిలబెట్టి పట్టుకున్నాడు. ఆమె దాటిన ప్రతిసారీ గంప బరువు మూతలోకి, మూత నుంచి ఆయన చేతుల్లోకి, వెన్నులోకి దిగేది. మొదటి రోజు ఆమె దగ్గరగా వచ్చినప్పుడు ఒకటే చెప్పాడు.

"బిడ్డా, అలకగున్నదని ఎవరికి తెల్వనియ్యకు. గంప పెద్దగ చేస్తరు."

ఆ మాట మాత్రం విన్నది. అప్పటి నుంచి ఖాళీగా నడుస్తూనే బరువు మోస్తున్నట్టు మొహం పెట్టేది. ఆ పని కూడా తేలికేం కాదు.

మిల్లుకు సెలవు లేదు గనుక మట్టయ్యకూ లేదు. ఒక్క పూట ఆయన లేకపోతే ఆ పూట బరువు ఎటు పోతుందో ఎనభై ఆరో రాయి దగ్గర చూసి వచ్చాడు. రాత్రులు ఎస్తేరు ఇంటి అరుగు మీద పడుకుని, మిల్లు కూత పెట్టకముందే వచ్చి కూర్చునేవాడు. మిల్లువాళ్ళు ఆయనను సారమ్మ నాయిన అనేవాళ్ళు. కొన్నాళ్ళకు దారి చెప్పేటప్పుడు ఆయనను గుర్తుగా చెప్పసాగారు. "ముసలాయన కూసున్న కాడ ఎడమకు మళ్ళు." అల్లుడు యాకోబు ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని, ఒక బీడీ ఇచ్చి, ఒకటి తాను తాగి లేచిపోయేవాడు. సారమ్మ మాట్లాడేది కాదు. రోజూ మధ్యాహ్నం ఒక చెంబు నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టి పోయేది. మట్టయ్య మొదటి రోజు ఆ చెంబును చాలాసేపు చూశాడు. ఏ బావి నుంచి తెచ్చిందో, ఎంత దూరమో అడగలేదు. చుక్క మిగల్చకుండా తాగాడు.

మాఘం నాటికి ఆయన బక్కచిక్కాడు. బక్కచిక్కేకొద్దీ బరువెక్కాడు. కూర్చున్నచోట నేల గుంటపడింది. రాత్రి లేచి అరుగు దాకా పోవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది, తర్వాత ముగ్గురు. ఆ తర్వాత ఆయనే వద్దన్నాడు. మిల్లు కూలీలు నాలుగు కర్రలు పాతి పైన గోనెపట్టా కట్టారు. అక్కడే ఉండిపోయాడు.

ఫాల్గుణంలో ఒక పొద్దున వరసలో సారమ్మ కనిపించలేదు. సాయంత్రం ఎస్తేరు వచ్చి గోనెపట్టా కింద వంగింది.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా మంచిగున్నరు."

మట్టయ్య అడిగాడు. "ఎంత బరువున్నదట?"

"గింత పిల్లకు బరువేందయ్యా. మంచి బరువే ఉన్నది."

"ఉండనియ్యి," అన్నాడు. "అది తగ్గొద్దు."

ఇక పట్టుకునే పని లేదు గానీ, ఆయన మూత వదల్లేదు. వదలలేకపోయాడని కొందరు. అలవాటని కొందరు. దాటిపోయే ఆడవాళ్ళు అందులో సారమ్మ మొహం చూసి, కొంగు సర్దుకుని పోయేవాళ్ళు.

ఇరవై ఒక్కటో రోజున పురుడు తీరి, సారమ్మ కుడిచేత్తో పిల్లను, ఎడమచేత్తో గిన్నెలో అన్నం, పచ్చిపులుసు పట్టుకుని మిల్లు దగ్గరికి వచ్చింది. తండ్రికి ఆమె అన్నం తేవడం అదే మొదలు. ఆయన ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. మూత మోకాళ్ళ మీద, చూపు మూతకు పైగా రోడ్డు మీద, ఎదురొచ్చే మనిషి కోసం తలెత్తి. తెల్లవారుజామునే పోయి ఉంటాడని తర్వాత అనుకున్నారు. అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. కదలకుండా ఉండటం ఆయన పనే కదా.

సారమ్మ గిన్నె కింద పెట్టింది. నలుగురు వచ్చి ఎత్తబోయారు, కాలేదు. ఎనిమిది మంది పట్టినా నేల వదల్లేదు. గుమాస్తా గడ్డపారలు తెమ్మన్నాడు.

"గడ్డపారలెందుకు?" అంది సారమ్మ. పిల్లను కుడి భుజానికి ఎత్తుకుని వంగి, ఎడమచేత్తో, రెండు వేళ్ళతో, మూతను ఆయన చేతుల్లోంచి తీసుకుంది. అది ఎండుటాకులా వచ్చింది. "ఇప్పుడు లేపుండ్రి."

ఇద్దరు సరిపోయారు. గడ్డిమోపంత కూడా లేడు.

సూర్యాపేటలో ఒంటిగది ఇల్లు రెండు వానలకు కూలి, గోడ మీది మడమలన్నీ మట్టిలో కలిశాయి. ఆ జాగా మట్టయ్య అన్న కొడుకు కలుపుకున్నాడు. సున్నపు డబ్బా సర్కారుదని మిస్త్రీ సాబు మనిషిని పంపి తెప్పించుకున్నాడు. మూత ఏదని అడిగి, లేదంటే రాసుకున్నాడు. మూడు ఈతకుంచెలు ఎస్తేరు జమ్లీకి పంపింది. వాటితో ఆమె ఏం చేసిందో తెలియదు గానీ, తండాలో రెండిళ్ళ గోడల మీద జాజుతో గీసిన ఆడవాళ్ళు చాలా ఏళ్ళున్నారు, అందరూ ఎదురుగా చూస్తూ. నాంచారమ్మకు ఎవరూ ఏమీ పంపలేదు. ఎండాకాలాల్లో నూటపదో రాయి మీద డాంబరు పెచ్చులూడి కుండ అడుగు కొంచెం బయటపడేది; ఆ రెండు నెలలు ఆమెకు కొంచెం తేలికగా ఉండేదట. మూత సారమ్మ దగ్గర, తర్వాత ఆమె కూతురి దగ్గర ఉంది. మిల్లు మానేసి రేవు దగ్గరికి మకాం మార్చినప్పుడు సారమ్మ ఇంట్లోంచి మొదట తీసింది దాన్నే.

చంద్రమ్మకే ఏమీ రాలేదు. చెలిమ నుంచి గడప దాకా ఆమె మోసిన కుండ, ఏ రాయీ చూడక, ఎవరూ గీయక, నిండు బరువుతోనే ఉండిపోయింది.